ఎదురుకాళ్ల కండక్టర్

ఉద్యోగంలో ఉన్నంతకాలం నా గురించి రెండు సంగతులు ప్రచారంలో ఉండేవి. మొదటిది, నేను డిగ్రీలో భౌతికశాస్త్రం చదివానని. దాన్ని ఎవరూ నమ్మేవారు కాదు. రెండోది, నేను తల్లి కడుపులోంచి తల ముందుగా కాకుండా కాళ్లు ముందుగా వచ్చానని. దాన్ని ఆ కొండల్లో ఊరూరా నమ్మారు. మొదటిది నిజం, రెండోది అబద్ధం. ఈ రెండింటికీ మధ్య ఒక బస్సు, ఒక ఇప్పచెట్టు, ఒక మేక ఉన్నాయి.

డిపోలో కొత్తగా చేరిన పిల్లలు ఈమధ్య కనిపించి, సర్వీసులో మరిచిపోలేని రోజు గురించి రాయమన్నారు. నేను మరిచిపోలేని రోజులు చాలావరకు బ్రేకులకు సంబంధించినవి. వాటి గురించి రాస్తే మీరు ఉద్యోగం మానేస్తారు. అందుకని పిడుగు గురించి రాస్తున్నాను. మిరుగం, అంటే మృగశిర కార్తె వచ్చిందంటే మన దిక్కు చేలల్లో, చెట్ల కింద ఏటా ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. కాబట్టి చదివినందుకు నష్టమేమీ ఉండదు.

మాది పెద్దపల్లి దగ్గర. నన్ను ఆదిలాబాద్ కొండల దిక్కు బదిలీ చేసినప్పుడు, ఉత్తర్వులో ‘ప్రజా ప్రయోజనం దృష్ట్యా’ అని రాశారు. ఏ ప్రజల ప్రయోజనమో రాయలేదు. పెద్దపల్లి ప్రజలదే అయి ఉంటుంది. అక్కడ నాకు జోడీగా దొరికిన డ్రైవరు ఆదిలాబాద్ టౌనులో పుట్టి పెరిగిన ముస్లిం. నాకన్నా పెద్దవాడు, మాటలు తక్కువ. డిగ్రీ సంగతి తెలిసిన రోజు నుంచి నన్ను ‘ప్రొఫెసర్ సాబ్’ అనేవాడు. అది గౌరవం కాదని గ్రహించడానికి నాకు ఒక వారం పట్టింది.

ఉరుములు మొదలైతే మా ఇద్దరికీ ఒకటే వాదన. బస్సులో ఉన్నవాళ్లకు ఏమీ కాదని ఇద్దరం ఒప్పుకునేవాళ్లం. ఎందుకు కాదన్న దగ్గరే పేచీ. టైర్లు రబ్బరువి కాబట్టి పిడుగు రాదని ఆయన సిద్ధాంతం. టైర్లకు సంబంధం లేదని, చుట్టూ ఉన్న రేకే కాపాడుతుందని, పిడుగు పడ్డా ఆ కరెంటు పైరేకు మీదుగా జారి భూమిలోకి పోతుందని, లోపలివాళ్లు ఇనుము ముట్టుకోకుండా కిటికీలు మూసుకుని కూర్చుంటే చాలని నేను చెప్పేవాడిని.

“అయితే టైర్లు ఎందుకు పెట్టిండ్రు?” అని అడిగాడు ఒకసారి.

“బస్సు నడిచేటందుకు భాయ్.”

దాని గురించి ఆయన రెండు స్టేజీల దూరం ఆలోచించాడు. ఒప్పుకోలేదు.

ఇక ఒకామె సంగతి చెప్పాలి. జైనూర్ దాటాక ఒక బడి హాస్టలులో వంట చేసేది. ముప్పై ఏళ్లుంటాయి. టిక్కెట్టుకు సరిపడా చిల్లర ఎప్పుడూ చేతిలోనే పట్టుకుని ఎక్కేది కాబట్టి కండక్టర్ల దృష్టిలో దేవతతో సమానం. వానాకాలంలో ఆమెది ఒక వింత అలవాటు. స్టేజీ దగ్గర రేకుల షెడ్డు ఉండేది. జనమంతా దాని కింద ఉంటే, ఆమె మాత్రం దూరంగా, కొంగు తల మీద వేసుకుని వానలో తడుస్తూ నిలబడేది. ఎక్కాక కూడా కూర్చోకుండా ఫుట్‌బోర్డు పక్కనే నిలబడేది. వానంటే ఇష్టమేమో అనుకున్నాను. డిగ్రీ చదివినవాళ్లకు అలాంటి ఊహలే వస్తాయి.

ఆ రోజు జైనూర్‌లో వారపు అంగడి. మధ్యాహ్నం దాటి తిరుగు ప్రయాణం. బస్సు నిండా సంచులు, కోళ్లు, ఉల్లిగడ్డ వాసన. ఒక పటేల్ మేకను కొని ఎక్కించాడు. దానికి టిక్కెట్టు గురించి కొంత చర్చ జరిగింది, మేక తప్ప అందరూ పాల్గొన్నారు. కిటికీ పక్కన తెల్ల చీర కట్టుకున్న ఒక పెద్దామె ఉడకబెట్టిన పల్లీలు తింటూ కూర్చుంది. కరీంనగర్ నుంచి కూతురింటికి పోతున్నానని, రేపు ఆదివారం మనుమరాలికి చర్చిలో బాప్తిస్మం ఉందని నాకు ముందే చెప్పింది. వంటామె ఎప్పటిలాగే నా పక్కన, తలుపు దగ్గర.

ఘాటు రోడ్డు సగం ఎక్కేసరికి పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా విరిగిన పెద్ద కొమ్మ. డ్రైవరు బండి ఆపాడు. వెనక్కి తిప్పడానికి చోటు లేదు, ముందుకు పోవడానికి దారి లేదు. ఉరుములు దగ్గరపడ్డాయి. దిగి కొమ్మ లాగే సమయం అది కాదని, కిటికీలు మూసి కదలకుండా కూర్చోమని చెప్పాను. ఒక కిటికీకి అద్దం లేకపోతే ఎవరిదో అంగడి సంచి అడ్డం పెట్టాం.

అక్కడితో ఐపోయేదే. కానీ రోడ్డు పక్కన ఒక ఇప్పచెట్టు ఉంది. ఆ చుట్టుపక్కల దానంత ఎత్తు చెట్టు లేదు. గొడుగు పట్టినట్టు దట్టంగా ఉంది. పటేల్ దాన్ని చూశాడు.

ఇంత ఇనుములో కూర్చునుడు పిడుగును పిలుచుడేనని, చెట్టు కిందికి పోదామని అన్నాడు. నేను లేచి నా జ్ఞానమంతా విప్పాను. రేకు గురించి, భూమి గురించి, ఎత్తైన చెట్టు పిడుగుకు మొదటి మెట్టు ఎలా అవుతుందో, చెట్టు మీద పడ్డ పిడుగు పక్కనున్న మనిషి మీదికి ఎలా దూకుతుందో, వేళ్ల చుట్టూ తడినేలలో ఎలా పాకుతుందో, నాకు చేతనైనంత తేలికగా చెప్పాను. పటేల్ ఓపికగా విన్నాడు.

“మండలాఫీసు మీద ఇనుప కడ్డీ పెట్టిండ్రు. ఎందుకు సారూ?”

“పిడుగు పడితే బిల్డింగుకు ఏం గాకుండ భూమిలకు తీస్కపోయేటందుకు.”

“అంటే గుంజుకుంటది.”

“గుంజుకుంటది గని...”

“గంత సన్న కడ్డీకే గంత గుంజుడుంటే, గింత బస్సుకు ఎంత గుంజుడుండాలె?”

బస్సంతా ఆయన గెలిచాడని తీర్మానించింది. ఫైనలియరులో నాకు వచ్చిన మార్కుల్లో ఆ క్షణాన మరికొన్ని తగ్గాయి. పటేల్ ముందుగా తన విలువైన వస్తువును భద్రపరచాలనుకున్నాడు. మేకను దింపి, తీసుకుపోయి ఇప్పచెట్టుకు కట్టేశాడు. మళ్లీ తలుపు దగ్గరికొచ్చి, చెట్టు కింద చుక్క పడుతలేదని, అందరినీ రమ్మని పిలిచాడు. నలుగురైదుగురు సంచులు సర్దుకుంటున్నారు.

అప్పుడు వెనక సీటు నుంచి ఒకామె అంది. వంటామె ఊరి మనిషే.

“పిడుగును పిలిచేది బస్సు గాదు, ఇనుము గాదు. గా ఎదురుకాళ్లామె ఉన్నది గద లోపల. ఆమెను దింపున్రి ముందుగాల.”

కాళ్లు ముందుగా పుట్టిన మనిషిని పిడుగు వెతుక్కుంటూ వస్తుందని ఒక నమ్మకం. నేను చిన్నప్పుడు మా ఊర్లోనూ విన్నాను. విని మరిచిపోయాను. బస్సులో ఎవరూ మరిచిపోలేదు. ఒక్కసారిగా చూపులన్నీ తలుపు దగ్గరికి వచ్చాయి. ఎవరూ కోపంగా లేరు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. సామాను దింపమన్నంత మామూలుగా, ఆమెను జర దూరం పోయి నిలబడమను సార్ అంటున్నారు. ఇప్పుడు వాళ్లకు రెండు దారులు. ఆమె దిగాలి, లేకపోతే వాళ్లు చెట్టు కిందికి పోవాలి. నాకున్నది ఒక్కటే దారి, ఎవరూ దిగకూడదు.

వంటామె సంచి చేతికి తీసుకుంది.

“ఫికర్ చెయ్యకున్రి సార్. నాకు అలవాటే. గా బండ మీద నిలబడ్త.”

ఆ బండ గట్టు అంచున, ఆకాశం కింద ఒంటరిగా ఉంది. ఆ కొండ మీద ఇప్పచెట్టు తర్వాత నిలబడకూడని చోటు అదే. షెడ్డు బయట ఆమె వానలో ఎందుకు నిలబడేదో నాకప్పుడు తెలిసింది. తలుపుకు అడ్డం నిలబడి, ఆలోచించకుండా ఒక మాట అన్నాను. సైన్సులో లేని మాట.

“ఆమె దిగుడు అవసరం లేదు. నేను సుత ఎదురుకాళ్లోన్నే.”

బస్సంతా నా కాళ్ల వంక చూసింది. కోళ్లు కూడా. ఇక ఆపితే లాభం లేదని మిగతాది కూడా చెప్పేశాను. ఆమెను దింపినా నేను బస్సులోనే ఉంటాను. మీరంతా చెట్టు కిందికి పోతే నేనూ మీ వెంటే వస్తాను, ఎందుకంటే ప్యాసింజర్లను వదిలి కండక్టరు ఉండకూడదని మాకు రూలు. బండ దగ్గరికి పోయినా వస్తాను. ఎటు పోతే అటు. ఇక మీ ఇష్టం.

డ్రైవరు స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని, మెల్లగా వెనక్కి తిరిగాడు.

“మై భీ ఉల్టా. నా కాళ్లు చూసి కాన్పు చేసే దాయి పరేషాన్ అయ్యి ఉరికిందట.”

ఆయనకు నా రేకు సిద్ధాంతం నచ్చలేదు గానీ, నేను మాత్రం నచ్చానని ఆ రోజు తెలిసింది. పటేల్‌కు అనుమానం పోలేదు. ఇదంతా ఝూట్ అన్నాడు. ఎవరెట్ల పుట్టిండ్రో చూసినోళ్లు ఎవలున్నరు, సాక్ష్యం ఏది అని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే.

పల్లీలు తింటున్న పెద్దామె పొట్టును కాగితంలో మడిచి సంచిలో వేసుకుంది. చేతులు దులుపుకుంది.

“నేను దవాఖానల నర్సుగ చేసి రిటైరైన. ఎక్కడెక్కడోళ్లు వచ్చెటోళ్లు, గీ కొండలోళ్లు సుత. ఒక్కపారి చూసిన మొఖం మరువ.” సీటు సీటుకూ చూసుకుంటూ వచ్చి, తలుపు దగ్గరున్న పటేల్ ముఖం మీద ఆగింది. “నిన్ను సుత ఎరుక పట్టిన పటేలా. చెప్పుమంటవా?”

నిజానికి ఆమెకూ పటేల్‌కూ వయసులో పెద్ద తేడా లేదు. ఆయన పుట్టినప్పుడు ఆమె మహా అయితే పలక పట్టుకుని బడికి పోతూ ఉండాలి. ఆ లెక్క బస్సులో ఎవరికీ తట్టలేదు, పటేల్‌కు అసలే తట్టలేదు. తాను ఎలా పుట్టాడో తనకు తెలియదన్న సంగతి ఆయన ముఖంలో మొదటిసారి కనిపించింది. అందరి ముఖాల్లోనూ అదే. మనం పుట్టినప్పుడు మనమంతా అక్కడే ఉన్నా, ఎవరికీ ఏమీ గుర్తుండదు కదా. సంచులు మళ్లీ కిందికి దిగాయి. పటేల్ ఎక్కి కూర్చున్నాడు. నేను తలుపు వేశాను.

కాసేపటికి ఆయన లేచి, మేకను తెచ్చుకుంటానన్నాడు. ఉరుముకూ మెరుపుకూ మధ్య సందు లేకుండా ఉంది, ఎవరినీ దింపేది లేదన్నాను.

“నా మేక సారూ.”

“మీ లెక్క ప్రకారం అందరికన్న అదే భద్రంగున్నది కాకా.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. తర్వాత వచ్చింది చప్పుడని చెప్పలేను. చప్పుడైతే చెవులకు వినపడాలి. ఇది పళ్లకు వినపడింది. కిటికీలన్నీ తెల్లబడ్డాయి. మళ్లీ కళ్లు కనిపించేసరికి ఇప్పచెట్టు నిలువునా చీలి ఉంది, బెరడు పొగలు కక్కుతోంది. మేక కాళ్లు చాచి పడి ఉంది. తాడు మాత్రం చెక్కు చెదరలేదు.

బస్సులో ఎవరికీ ఏమీ కాలేదు. చేతులన్నీ, నేను చెప్పకుండానే, ఇనుప కడ్డీల మీంచి ఒళ్లోకి చేరాయి. ఇప్పటికైనా రేకు సంగతి అర్థమైందనుకుని మనసులో కొంచెం గర్వపడ్డాను. అంతలో వెనక సీటామె, సందేహం తీరినదానిలా, నెమ్మదిగా అంది.

“కండక్టర్ సారు చెట్టు కిందికి వస్తనన్నడు గద. పిడుగు సారుకోసం ముందుగాలనే వచ్చి చూసింది.”

అందరూ తలలూపారు.

చివరి ఉరుము వినపడ్డాక అరగంట దాకా ఎవరినీ దిగనివ్వలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోండి. వాన తగ్గగానే దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. పిడుగు వాన కన్నా ముందొస్తుంది, వాన కన్నా వెనక పోతుంది, మా ఎక్స్‌ప్రెస్ బస్సులాగా దానికీ టైము లేదు. ఇంకొకటి. పిడుగు తగిలిన మనిషిలో కరెంటు మిగలదు. ముట్టుకోవచ్చు. ముట్టుకోవాలి. ఊపిరాడకపోతే గుండె మీద ఒత్తుతూ దవాఖానకు తీసుకుపోవాలి. ఆ రోజు ముట్టుకోవాల్సింది మేకనే కాబట్టి మాకు ఆ పని తప్పింది.

మగవాళ్లు దిగి కొమ్మను పక్కకు లాగారు. పటేల్ మేక దగ్గర కాసేపు నిలబడి వచ్చి కూర్చున్నాడు. ఆ మేక స్థానంలో ఎంతమంది ఉండేవారో ఆయన లెక్కపెట్టుకుంటున్నాడని నాకు అనిపించింది. డ్రైవరు బండి స్టార్టు చేస్తూ, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

“మేకలన్నీ ముంగాళ్లతోనే పుడ్తయ్ ప్రొఫెసర్ సాబ్. అసలు ఎదురుకాళ్లదాన్ని పటేలే తీస్కపోయి చెట్టుకు కట్టిండు.”

పెద్దామె దిగే ఊరొచ్చింది. సంచి అందిస్తూ అడిగాను, నిజంగా అందరి కాన్పులూ గుర్తున్నాయా అని.

“కాన్పులా? నేను చేసింది కండ్ల వార్డుల. పటేల్‌ది మోతిబిందు ఆపరేషన్. ఎడమ కన్ను.”

నేను నోరు తెరిచాను.

“అబద్ధం ఎక్కడాడిన కొడుకా? దవాఖానల చేసిన, మొఖాలు మరువ అన్న. రెండూ నిజమే. పొద్దుగాల చర్చిల కూసోవాలె గద నేను.”

ఆమెకైతే ఆ అబద్ధం అంటుకోలేదు. నాది నాకు అంటుకుంది. వారం తిరక్కుండా ఆ రూటంతా తెలిసిపోయింది. మబ్బు పడితే నా పక్క సీటు ఖాళీ. అంగడి రోజు కాలు పెట్టే సందు లేకపోయినా, నా చుట్టూ ఒక చేతి వెడల్పు నేల కనిపించేది. ఎవరో డిపోకు ఫోన్ చేశారు, వానాకాలం నాలుగు నెలలు ఈ కండక్టరును పంపొద్దని. మేనేజరు పిలిపించాడు.

“నీ పుట్టుక మీద కంప్లయింటు వచ్చింది. సర్వీసు రికార్డుల పుట్టిన తారీఖున్నది, పుట్టిన తీరు లేదు. నేనేం యాక్షన్ తీసుకోవాలె?”

ఏమీ వద్దన్నాను. బయట ఉరిమింది. ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, ఇంతకూ నిజమేనా అని అడిగాడు.

అన్నింటికన్నా కష్టం నన్ను కన్న అవ్వతో వచ్చింది. పెద్దపల్లికి సెలవు మీద పోయేసరికి ఈ కథ నాకన్నా ముందే ఇంటికి చేరింది. “నెత్తితోని, ఏడ్సుకుంట, అందరి లెక్కనే పుట్టినవ్. నా కాన్పుకే పేరు పెడ్తవారా?” అని ఆ పూట నాతో మాట్లాడలేదు. జరిగిందంతా చెప్పాను. వంటామె సంచి చేతికి తీసుకున్న దగ్గర ఆపి, మళ్లీ చెప్పమంది. తర్వాత కూర వడ్డించింది. నెత్తి విషయంలో మాత్రం చివరిదాకా రాజీపడలేదు.

నా పక్క ఖాళీ సీటు వంటామెకు స్థిరపడింది. పాపం, ఫుట్‌బోర్డు పక్కన ఎన్నేళ్లు నిలబడిందో, కిటికీ దగ్గర దర్జాగా కూర్చునేది. ఒకరోజు వాన కురుస్తుండగా అడిగింది.

“మీరు గట్ల పుట్టలేదు గద సార్?”

“లేదు చెల్లె.”

“నాకు సుత ఎరుక లేదు, నేనెట్ల పుట్టిన్నో. మా అవ్వ చేన్ల ఒక్కతే కన్నది. నన్ను కని పోయింది. చూసినోళ్లెవ్వలు లేరు.”

మరి ఈ పేరెలా వచ్చిందని అడిగాను. ఆమె కిటికీ అద్దం మీద ఆవిరిని కొంగుతో తుడిచింది.

“మా కాక ఎద్దు పిడుగుకు పోయింది. ఎవలో ఒకలు కావాలె గద సార్.”

పిడుగు గురించి నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ వాక్యం లేదు.

రిటైరయ్యే రోజు టిక్కెట్ మిషనూ, బ్యాగూ నా తర్వాత వచ్చిన కరీంనగర్ కుర్రాడికి అప్పగించాను. పక్కకు పిలిచి, ఎదురుకాళ్లు కూడా అప్పగించాను. వానాకాలం ఆమె పక్కన కూర్చోవడానికి ఎవరో ఒకరు ఉండాలని, అవసరమైతే అబద్ధమాడాలని చెప్పాను. అతను తల గోక్కున్నాడు.

“నేను ఆపరేషన్ బిడ్డను సార్. ముహూర్తం చూసి కోసి తీసిండ్రు. నెత్తీ ముందు కాదు, కాళ్లూ ముందు కాదు. నేనేం చెప్పాలె?”

అదే చెప్పమన్నాను.

మొన్న మిరుగంలో అతను ఫోన్ చేశాడు. అదే ఘాటు, అదే మబ్బు. కొత్తగా ఆ దిక్కు వచ్చిన ఎవరో వంటామె గురించి విని గొణిగారట, దింపమన్నారట. కుర్రాడు లేచి తన కాన్పు సంగతి చెప్పాడు. బస్సులో ఇంకెవరెవరు ఆపరేషన్‌తో పుట్టారో చెయ్యెత్తండి, వాళ్లలో తమ కాళ్లు అప్పుడు ఎటున్నాయో తెలిసినవాళ్లు చెప్పండి అన్నాడు. మన దిక్కు ఇప్పుడు కాన్పంటే కోతే కదా. కాలేజీ పిల్లలు, చంకలో బిడ్డలున్న తల్లులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. గొణిగినవాళ్ల ఒళ్లో ఉన్న పసివాడితో సహా సగం బస్సు అనుమానితులే. మొత్తానికి సైన్సే గెలిచింది, నేను చదివిన సైన్సు మాత్రం కాదు.

ముందు సీట్లో పటేల్ ఉన్నాడట, పక్కన మనుమరాలు. బాగా ముసలివాడయ్యాడు. ఆ పిల్లదీ ఆపరేషన్ కాన్పే. ఆయన కాసేపు మనుమరాలి వంక చూసి, ఆమెను ఇటు జరిపి, నిలబడి ఉన్న వంటామెను పిలిచి కిటికీ దగ్గర చోటిచ్చాడు.

“కూసో బిడ్డా. కిటికి మూసెయ్. ఇనుము ముట్టకు. పిడుగు పడ్డ గని రేకు మీదికెల్లి భూమిలకు పోతది, లోపటికి రాదు.”

కుర్రాడు ఆశ్చర్యపోయి, ఇంత మంచి సంగతి నీకెవలు చెప్పిండ్రు కాకా అని అడిగాడట.

“ఒకలు చెప్పుడేంది?” అన్నాడట పటేల్. “మేక పోయిన్నాడు నేనే కనిపెట్టిన.”